తెల్ల ముంగిస, పెదనాన్న డేగ

మొన్న మనవరాలు ఫోను నా ముందు పెట్టి, "అమ్మమ్మా, ఎంత ముద్దుగా ఉందో చూడు" అంది. ఎవరో దొరసాని ఒళ్ళో ఫెరెట్ అనే పెంపుడు జంతువు. పొడుగాటి తెల్లటి ఒళ్ళు, ఎర్రటి కళ్ళు, మెడలో గంట. అచ్చం నా ముంగిసే. "దీన్ని మా పెదనాన్న చంపాడు" అని ఫోను బోర్లా పెట్టేశాను. పిల్ల బిత్తరపోయింది.

యుద్ధం రోజులు, కిరసనాయిలు దొరకని కాలం. గురజాల దగ్గర మా ఊరు. గద్ద తన్నుకుపోతూ జారవిడిచిన ముంగిస పిల్లను నాన్న చేలోంచి తెచ్చాడు. మట్టి రంగు ముంగిస ఏ పొదలోనైనా దాక్కుంటుంది. తెల్లగా పుట్టినదానికి ఆ అదృష్టం లేదు, ఆకాశానికంతా కనబడుతుంది. "సున్నంలో ముంచి తీసినట్టుందేందే ఇది!" అంది నాయనమ్మ. నేను పాలు పట్టి పెంచాను. ఏడాది తిరక్కుండానే మా వాకిట్లో కట్లపాము తలను నా కళ్ళముందే పటపటా నమిలేసింది. అంతటి మొనగత్తె నా దుప్పట్లో పడుకునేది.

గోడ అవతల పెదనాన్న ఇల్లు. ఆయనకు డేగ రకం పందెంపుంజు ఉండేది, ఎర్రటిది. మా ఇంటి గుడ్లు కూడా దానికే పోయేవి, నా వాటాతో సహా. అది వేరే ఫిర్యాదు, దాన్నీ నేను మర్చిపోలేదు. "ఒరేయ్ తమ్ముడూ, ఆ తెల్లది నా పుంజు గంప దగ్గర కనబడిందా, నడుం విరగ్గొడతా" అని నాన్నతో ఎన్నిసార్లన్నాడో.

మేనత్తని పెళ్ళికూతుర్ని చేసిన రోజు సాయంత్రం, గిన్నెలో మిగిలిన పారాణి ఎవరూ చూడకుండా తీసి ముంగిస నాలుగు కాళ్ళకూ పెట్టాను. అది కాళ్ళు నాక్కుని, మూతి కూడా ఎర్రగా చేసుకుని, గోడ దూకి షికారు పోయింది. తెల్లారేసరికి పుంజును మూసిన గంప వెల్లకిలా పడి ఉంది. డేగకు తల లేదు. నాపరాళ్ళ మీద గంప దాకా ఎర్రటి చిన్న చిన్న అడుగులు.

పెదనాన్న రోకలి పట్టుకుని వచ్చాడు. "చూడండ్రా! కాళ్ళకి నెత్తురు, మూతికి నెత్తురు!" అని అరిచాడు. మా వసారాలో గోనెసంచి మీద నిద్రపోతున్నదాని మీద మొదటి దెబ్బ వేశాడు. నడుం విరిగింది. తలెత్తి నా వైపు చూసింది. అది పారాణి అని చెప్పాలి. పెళ్ళి గిన్నెలో చెయ్యి పెట్టానని తెలిస్తే నాయనమ్మ వీపు చిట్లగొడుతుంది. నోరు పెగల్లేదు. రెండో దెబ్బ పడ్డాక "నేనే పెట్టా పెదనాన్నా, పారాణి!" అని అరిచి ఆయన చెయ్యి కొరికాను. ఎముక తగిలేదాకా వదల్లేదు.

మూడోనాడు ఆయన పెట్టిన ఉచ్చులో బావురుపిల్లి పడింది, నోట్లో ఇంకో పుంజు మెడతో. దాన్నీ అదే రోకలితో చంపాడు. తర్వాత గోడ మీంచి నాతో అన్న మాట ఇది: "పోనీలేవే, ఇంకో ముంగిసని పట్టుకొస్తాలే." తప్పయిందని అనలేదు. ఆ ఇంట్లో మళ్ళీ నేను మంచినీళ్ళు కూడా ముట్టలేదు. చివరి రోజుల్లో పిలిపించి, చేతి మీద నా పళ్ళ గాటు చూపించి, "ఇంకా కోపం పోలేదా అమ్మాయ్?" అని అడిగాడు. "లేదు" అన్నాను.

ఆయన మీద కోపం నిజమే, అది నాతోనే పోతుంది. కానీ మొదటి దెబ్బకూ రెండో దెబ్బకూ మధ్య నేను నోరు తెరవని ఆ కాస్త సేపు, ఎనభై ఏళ్ళయినా, నాకింకా గడవలేదు.