పదికి పది మార్కుల బూట్లు

పగలు బ్యాంకు కౌంటరు, సాయంత్రం ఫోను కెమెరా ముందు బాస్కెట్‌బాల్ బూట్ల మీద తీర్పులు. ఆయన దినచర్య ఇంతే. జన్మలో బంతి పట్టిన పాపాన పోలేదు గానీ, బూటు చేతికొచ్చిందంటే మహాపండితుడు! మడమ దగ్గర మెత్తదనం ఎంత, మలుపులో పట్టు ఎంత, ముప్పై ఏళ్ల నాటి మోడల్ని మళ్లీ తయారుచేసినప్పుడు ఎర్రచార ఎక్కడ వంకర పోయింది, అన్నీ సోఫాలోంచి లేవకుండానే తేల్చేస్తాడు.

అలాంటి పాత మోడల్ జతే ఒకటి ఆయన పంచప్రాణాలు. కొని పన్నెండేళ్లయింది. తొడిగితే ముందుభాగం ముడత పడుతుందని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, పెట్టెలో పెట్టి బీరువా మీద దాచాడు. ఏడాదికోసారి దించి, తుడిచి, వీడియో తీసి, "మన్నికకు పదికి పది" అని ప్రకటించి మళ్లీ పైకెక్కిస్తాడు. వాడని వస్తువు మన్నక చస్తుందా? ఆ మాట ఆయనతో అనేదెవరు!

కూతురు స్కూలు జట్టులో ఆడుతుంది. ఫైనల్ రోజు పొద్దున్నే ఆ పిల్ల బూటు చీలింది. తండ్రీకూతుళ్లది ఒకే సైజు.

"నాన్నా, ఈ ఒక్క మ్యాచ్‌కీ నీవి ఇవ్వవా? లేకపోతే నన్ను పక్కన కూర్చోబెట్టేస్తారు."

"అవి ఆడుకునే బూట్లా తల్లీ?" అన్నాడాయన, నిజంగానే బిత్తరపోయి.

"మరి దేనికండీ, నెత్తిన పెట్టుకోడానికా?" అంటూ భార్య స్టూలెక్కి పెట్టె దించింది.

ఆయనా మ్యాచ్‌కి వెంట బయల్దేరాడు. దారి పొడుగునా ఒకటే నస. "మునివేళ్ల మీద లేవకమ్మా, ముడత పడుతుంది."

మునివేళ్ల మీద లేవకుండా బాస్కెట్‌బాల్ ఎలా ఆడాలో పండితుడు చెప్పలేదు.

అలాంటి బూటు అడుగు వాడకుండా ఏళ్ల తరబడి మూలన పడేస్తే లోపల్లోపలే పిండైపోతుంది. బూట్లు బాగుచేసే ఎవరినడిగినా చెప్పేవారు. అడగడం ఆయనకు నామోషీ. పిల్ల మూడోసారి ఎగిరి దిగేసరికి ఒక బూటు అడుగు ఊడి, ముక్కలై కోర్టంతా చెల్లాచెదురైంది. పిల్ల బోర్లా పడింది. మోకాలు చీరుకుపోయి రక్తం కారింది.

అందరికంటే ముందు పరిగెత్తింది ఆయనే. "పాపం, కూతురంటే ఎంత ప్రేమో!" అంది పక్కనున్నావిడ.

ఆయన నేల మీద మోకరిల్లి, ఒక్కో ముక్కా జాగ్రత్తగా ఏరుతున్నాడు.

"నాన్నా," అంది పిల్ల, ఏడుపు దిగమింగుకుని, "నేనిక్కడున్నాను."

ఆయన తలెత్తాడు. కూతుర్ని లేపాలనే ఉంది. చేతులే ఖాళీగా లేవు.