ఔటర్‌లో ఆగిన చెంబు

ఒక చిన్న గడిలో టిక్కు పెడితే చాలు, ప్రపంచమంతా మన కొట్టు ముందు వరస కట్టేస్తుందని నమ్మే వయసొకటి ఉంటుంది. నాకు ఆ వయసు రాయపూర్ రైల్వే క్వార్టర్లలో, డిగ్రీ అయిపోయి ఉద్యోగం ఇంకా దొరకని రోజుల్లో గడిచింది. ఇంట్లో కంప్యూటరు ఆన్ చేసి, స్నానం చేసొచ్చి చూస్తే అప్పటికి ఒక ఫొటో సగం తెరుచుకుని ఉండే కాలం అది. అయినా ఎవరైనా 'ఏం చేస్తున్నావు బాబూ' అని అడిగితే 'ఆన్‌లైన్ బిజినెస్' అని చెప్పేవాణ్ణి. (బిజినెస్ అంటే మరేం లేదు. దగ్గర్లోని ఆరంగ్ వెళ్లి పాత సామాన్ల కొట్లో కంచు చెంబులు, గిన్నెలు ఏరుకురావడం, చింతపండుతో తళతళలాడేలా తోమడం, అమ్మ పట్టుచీర పరిచి దాని మీద పెట్టి ఫొటోలు తీయడం, ఓ ఆన్‌లైన్ బజారులో అమ్మకానికి ఉంచడం. తోమేది అమ్మ. చీర అమ్మది. ఫొటోలు మాత్రం నావి.) ఏ నాగపూర్ నుంచో పుణె నుంచో ఎప్పుడో ఒక ఆర్డరు వచ్చేది. ఆ రోజు నేను కొంచెం ఛాతీ విరుచుకుని నడిచేవాణ్ణి.

మా నాన్న రైల్వే పార్శిల్ ఆఫీసులో గుమాస్తా. శ్రీకాకుళం నుంచి వచ్చి సర్వీసంతా ఇక్కడే చేశారు. మూటలు, బుట్టలు, పెట్టెలు, కోళ్ల గంపలు చూసి చూసి, మనుషుల్ని కూడా అలాగే అంచనా వేసేవారు. నా బిజినెస్‌ని ఒకసారి పైనుంచి కిందికి చూసి, బరువు లేదని తేల్చేశారు. ధర్సీవా దగ్గర ఇనుప ఫ్యాక్టరీలో ఆయనకు తెలిసినవాళ్లున్నారు. అక్కడి ఆఫీసులో నాకో కుర్చీ ఖాళీగా ఉంచమని చెప్పి పెట్టారు. "వొచ్చే నెల నించి ధర్సీవా బస్సెక్కు. ఈ సెంబుల యవ్వారం ఫాల్తూ" అన్నారు. నాకు ఆ బస్సంటే భయం. ఎందుకంటే ఆ బస్సెక్కినవాళ్లెవరూ మళ్లీ సొంత కొట్టు ఊసు ఎత్తగా నేను చూడలేదు.

సరిగ్గా అప్పుడే ఆస్ట్రేలియా నుంచి ఆర్డరొచ్చింది. కొట్టు తెరిచిన రోజు 'మీరు ఎక్కడికి పంపగలరు' అనే ప్రశ్న దగ్గర ఉత్సాహం పట్టలేక 'ప్రపంచమంతా' అని టిక్కు పెట్టి, ఆ సంగతే మరిచిపోయాను. అక్కడి సుంకం ఎవరు కట్టాలి, పెట్టె ఎలా కట్టాలి, ఏ దేశానికి ఏవి పంపకూడదు అని ఆ బజారువాళ్లు పేజీలకు పేజీలు రాసే ఉంచారు. అవన్నీ 'అంగీకరిస్తున్నాను' అనే బటనుకు పైన ఉండేవి. నేనేమో బటను దగ్గర నుంచి మొదలుపెట్టే రకం. కొన్నావిడ పేరు పలకడం మా ఇంట్లో ఎవరికీ చేతకాక, 'ఆస్ట్రేలియా అమ్మగారు' అని ఖాయం చేశాం. వార్త విని నాన్న కళ్లద్దాలు తీసి తుడుచుకుని తీర్పు చెప్పారు. "సరే. ఈ సెంబు ఆవిడికి సేరి, ఆవిడ బాగుందని రాసిందంటే నీ కొట్టు నీదే. లేదంటే బస్సు. పక్కా."

అలా అన్నారు గానీ, పార్శిల్ అనే మాట ఇంట్లో వినపడ్డాక ఆయన ఊరుకోగలరా? మర్నాడే తెల్ల గుడ్డ, దబ్బనం, లక్క, కొవ్వొత్తి తెచ్చారు. అట్టపెట్టె చాలు నాన్నా, అందరూ అలాగే పంపుతున్నారు అంటే, నేనేదో చెంబుని నగ్నంగా పంపుతానన్నట్టు చూశారు. "గుడ్డ కుట్టని పార్శిలు పార్శిలేట్రా? సముద్రం మీద గాలేస్తాది." విమానంలో వెళ్తుందని చెప్పినా గాలి విషయంలో ఆయన అభిప్రాయం మారలేదు. నేను బుడగల కాగితం కొనుక్కురావడానికి బజారుకెళ్లి వచ్చేసరికి అమ్మ చెంబుని పాత తువ్వాల్లో చుట్టేసి పెట్టెలో కూర్చోబెట్టింది, నాన్న పైన గుడ్డ సగం కుట్టేశారు. చిరునామా ఆరు వైపులా రాశారు. (ఏ వైపు పడ్డా కనపడాలట.) దాని కింద అలవాటు చొప్పున 'వయా నాగపూర్' అని కూడా రాయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. లోపల ఏముందో రాసే కాగితం మాత్రం నేనే నింపాను. 'కంచు చెంబు, ఒకటి' అంటే సరిపోయేది. కానీ తెలివి ఎక్కువై 'ఖాళీ కంచు చెంబు' అని రాశాను. పోస్టాఫీసు ఫారిన్ పార్శిళ్ల కౌంటరులో గుమాస్తా బాబు పార్శిల్‌ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపల ఇంకేమీ లేదు కదా అన్నట్టు "అందర్ కుఛ్ ఔర్ తో నహీ?" అని అడిగితే, "ఖాళీ హై సర్, బిల్‌కుల్ ఖాళీ" అని గట్టిగా చెప్పాను. ఆయన నాన్న కుట్టు మీద వేళ్లు నడిపి మెచ్చుకోలుగా తలాడించాడు.

ఇక అక్కడి నుంచి ఆ చెంబు ఎక్కడుందో కంప్యూటరులో చూడటం మా క్వార్టర్లకు పండగైపోయింది. పక్కింటి గార్డు మావయ్య, రైలు గార్డుగా రిటైరయ్యాక ఏ బండీ నడిపే పని లేక ఉన్నవాడు, దాన్ని తన బండిగా దత్తత తీసుకున్నాడు. రోజూ పొద్దున్నే టీ గ్లాసుతో వచ్చి, "అరే బేటా, మన సెంబు ఎక్కడ?" అనేవాడు. ముంబై వదిలిందంటే "రైట్ టైమ్" అనేవాడు. ఆస్ట్రేలియాలో దిగిందని చూపించిన రోజు అమ్మ పాయసం చేసింది. ఆ తర్వాత తెర మీద ఒకటే మాట కనపడసాగింది: 'తనిఖీ నిమిత్తం నిలుపుదల'. నేను ఆ పేజీ మళ్లీ మళ్లీ తెరిచి చూశాను. మావయ్య మాత్రం చలించలేదు. "స్టేషన్ బయట ఔటర్‌లో నిలబెట్టినారు, అంతే. ప్లాట్‌ఫారం ఖాళీ అవ్వాలి కదా, సిగ్నల్ ఇస్తారు" అన్నాడు. రోజులు గడిచినా సిగ్నల్ పడలేదు. నాన్న ధర్సీవా బస్సు ఎన్నింటికో ఎవరినో ఫోన్లో కనుక్కోవడం వినపడింది.

చివరికి ఆస్ట్రేలియా అమ్మగారి నుంచి ఉత్తరమొచ్చింది, కంప్యూటరులోనే. అక్కడి తనిఖీవాళ్లు పెట్టె విప్పి చూస్తే ఖాళీ చెంబు ఖాళీగా లేదట. అందులో పసుపు రంగు గుడ్డమూట, మూటలో బియ్యం, పసుపు కొమ్ము, బెల్లం ముక్క ఉన్నాయట. ఆ దేశంలోకి విత్తనం, గింజ ఏదీ రాకూడదట. ఇదేమిటో, ఎందుకు పెట్టారో చెప్పగలరా అని ఎంతో మర్యాదగా అడిగింది. నేను కుర్చీలోంచే అరిచాను, "అమ్మా! చెంబులో బియ్యం ఎవరు పెట్టారు?"

అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె మొహంలో తప్పు చేసిన జాడే లేదు. "నానే పెట్టినాను. ఏం?"

"ఎందుకు పెట్టావమ్మా?"

"ఖాళీ సెంబు ఇంట్లోంచి ఎలా పంపించేత్తాంరా? పక్కింటి బహెన్‌జీ డబ్బా తిరిగిచ్చినప్పుడు ఎప్పుడైనా ఒట్టిది ఇచ్చినానేటి? ఇదేమో అంత దూరం ఎల్తోంది. ఆవిడ పెట్టె ఇప్పి సూసి, ఈ తెలుగోళ్లకి గుప్పెడు బియ్యానికి కూడా గతి లేదేటి అనుకోదూ?"

 నాన్న వైపు తిరిగి, మీరు సర్వీసంతా పార్శిళ్లు చూశారు కదా, బరువు తేడా తెలియలేదా అని అడిగాను. ఆయన ఏమాత్రం తొణకలేదు. "ఒరే, లోపల ఏటుందో మా రైల్వే సూడదు. 'లోపల ఫలానాది ఉన్నదని పంపే పార్టీ చెప్పినది' అని రసీదు మీద రాసేస్తాం. పార్టీ ఎవరు? మీ అమ్మ. నువ్వు ఆవిణ్ణి అడిగినావా?" అన్నారు. ఎప్పట్లాగే టీ గ్లాసుతో వచ్చి కూర్చున్న గార్డు మావయ్య పక్కనుంచి "కరెక్ట్" అన్నాడు.

ఏం రాయాలో తోచక, ఉన్నదున్నట్టు రాసేశాను. మా ఇంట్లోంచి గిన్నె ఏదీ ఖాళీగా బయటికి వెళ్లదనీ, మా అమ్మకు ఖాళీ అనే మాట గిట్టదనీ, కావాలంటే డబ్బు వెనక్కి ఇస్తాననీ, నిఘంటువు ముందు పెట్టుకుని వచ్చిన ఇంగ్లీషంతా కుమ్మరించాను. తర్వాత మంచి చొక్కాలు తీసి ఇస్త్రీ చేసుకున్నాను. ధర్సీవాకు వేసుకెళ్లాలి కదా. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకు ఏడుపొచ్చింది. చెంబు పోయినందుకు కాదు, అమ్మ పెట్టిన మూటని ఎక్కడో ఎవరో చెత్తలో వేస్తారని.

మళ్లీ ఉత్తరం వచ్చేసరికి మేమందరం ఆశ వదిలేసుకున్నాం. తనిఖీవాళ్లు మూట తీసేసుకుని చెంబు ఇచ్చేశారట. ఆవిడ దాన్ని భోజనాల బల్ల మీద పెట్టుకుందట. ఖాళీగా ఉంటే మా అమ్మ నొచ్చుకుంటుందేమోనని, అక్కడి కొట్లో బియ్యం కొని గుప్పెడు పోసిందట! కొట్టు పేజీలో అభిప్రాయం కూడా రాసింది. ఐదు నక్షత్రాలకు నాలుగే ఇచ్చింది. ఒకటి ఎందుకు తగ్గించిందో కింద రాసింది: 'చెంబు అందంగా ఉంది. కానీ వివరంలో ఖాళీ అని రాశారు. ఇది ఖాళీ చెంబు కాదు.'

అమ్మకు తెలుగులో చెబితే, "సూసినావా? ఆవిడికి అర్థమైంది" అంది. నాన్న నాలుగు సరిపోతుందా లేదా అని కాస్త తర్జనభర్జన పడి, "సెంబు సేరింది. బాగుందని రాసింది. మాటంటే మాటే" అని, ధర్సీవాకు ఫోను చేసి ఆ కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చేయమన్నారు.

ఇప్పుడు మా కొట్టు నుంచి చెంబులు చాలా దేశాలకు వెళ్తున్నాయి. ఏ దేశానికి ఏం పంపకూడదో నాకు కంఠతా వచ్చు. గుడ్డ కుట్టడం మానేశాం, నాన్న మాత్రం అట్టపెట్టెని ఇప్పటికీ జాలిగా చూస్తారు. అమ్మతో ఓ ఒప్పందానికి వచ్చాం. కట్టే ముందు ప్రతి చెంబులోనూ ఆమె గుప్పెడు బియ్యం పోస్తుంది, కాసేపు ఉంచుతుంది, మళ్లీ తీసి మా బియ్యం డబ్బాలో వేసేస్తుంది. పెట్టినట్టూ ఉంటుంది, ఆ దేశంవాళ్ల మాట విన్నట్టూ ఉంటుంది. అంటే ఏ జర్మనీకో జపానుకో బయల్దేరి ఔటర్‌లోనే ఆగిపోయిన బియ్యాన్ని మేం రోజూ వండుకు తింటున్నామన్నమాట.

మొన్న అమ్మ భిలాయిలో మా అక్క దగ్గరికెళ్లింది. కెనడాకు ఒక చెంబు పంపాలి. కట్టేసి, టేపు వేసి, చిరునామా అంటించి, ఒకసారి అటూ ఇటూ చూసి, మళ్లీ టేపు కోశాను. డబ్బాలోంచి గుప్పెడు బియ్యం తెచ్చి చెంబులో పోసి, పక్కన కూర్చున్నాను. ఎంతసేపు ఉంచాలో అమ్మను ఎప్పుడూ అడగలేదు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి నవ్వుతూ, "కాగితంలో ఏమని రాస్తారు?" అంది.

"ఖాళీ అనే" అన్నాను. "కాసేపాగి రాస్తాను."