చెప్పులు విడిచి ఎక్కే వ్యాను

మా పెద్దనాయన ఆ పాత వ్యానును సూర్యాపేటలో, ఇంటి వాకిట్లోనే నాలుగేళ్లు బాగుచేశాడు. చక్రాల్లేక అది రాళ్లమీద నిలబడ్డ రోజుల్లోనూ, ఎవరెక్కబోయినా ఆయనది ఒకటే మాట: "చెప్పులిడిసి ఎక్కు."

"కదలని బండికి గింత మర్యాదా!" అని పెద్దమ్మ ఎత్తిపొడిచేది.

ఇంజను పలికిన పొద్దున ఇంటిల్లిపాదీ ఎక్కేశాం. కిటికీల్లోంచి పొలాలు కలలోలా వెనక్కి జారిపోయాయి. మధ్యాహ్నం కోదాడలో టీకి ఆగితే తారురోడ్డు కాలుతోంది. అందరి చెప్పులూ వాకిట్లోనే ఉండిపోయాయి, పెద్దనాయనవి కూడా.

పెద్దమ్మ తిడుతుందనుకున్నాం. ఆమె సీటు మీద కాళ్లు ముడుచుకుని, "దిగుడెందుకు? ఇంట్లనే ఉన్నం గద. మిర్యాలగూడ దాకా పోనియ్యి," అంది.

పెద్దనాయన బండిని, దారి ఎక్కడ అయిపోతుందోనన్నట్టు, మెల్లగా నడిపాడు.