రెండు వేలవ హిట్, మా అక్క పప్పు డబ్బా

ఆ రోజుల్లో మనిషి కదలకుండా ఒకచోట కూర్చుంటే లోకానికి మేలు చేసినట్టే లెక్క. కరోనా పుణ్యమా అని అందరూ ఇళ్ళలో కూర్చుంటే, నేను నాలుగాకులు ఎక్కువ చదివి, ఈ పరాయి దేశంలో సిటీవెస్ట్ అనే పేటలో మా అక్కావాళ్ళ వంటింట్లో ప్రెస్ తలుపుకి (ఇక్కడ అలమరని అలాగే అంటారు) వీపు ఆనించి నేలమీద కూర్చుని, ఎక్కడో జపాన్‌లో ఉన్న ఒక బ్యాటర్ చేత హిట్ కొట్టించే బాధ్యత నెత్తిన వేసుకున్నాను. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. బుద్ధి అంతకన్నా తక్కువ.

ఇదంతా ఆఫీసులో నాకు పని నేర్పిన జపాన్ పెద్దాయన వల్ల వచ్చింది. ఊరికి ఇంకో మూల లెపర్డ్స్‌టౌన్‌లో ఒంటరిగా ఉండేవాడు. లాక్‌డౌన్లో ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదు కాబట్టి ఆయన్ని స్క్రీన్ మీద చూడ్డమే. ఒకరోజు లంచ్ టైములో ఆయన బేస్‌బాల్ చూస్తుంటే నేనూ కాల్‌లో చేరాను. ఆయన ఊరి జట్టులో నలభై దగ్గరపడ్డ బ్యాటర్ ఒకాయన ఉన్నాడు. కొట్టిన బంతి ఎవరికీ చిక్కేలోగా బ్యాటర్ పరిగెత్తి మొదటి బేస్ చేరితే ఒక హిట్. అలాంటివి రెండు వేలు కొట్టినవాళ్ళకి అక్కడ చేతులెత్తి మొక్కుతారట. నేను చూసిన రోజు పంతొమ్మిది వందల తొంభై తొమ్మిదోది పడింది. సీజన్లో ఇంక తొమ్మిది ఆటలే, పై ఏడాది ఆయన్ని జట్టులో ఉంచుకోరు. ఆయన కొట్టిన మొదటి హిట్‌ని మైదానంలో కూర్చుని చూసిన పెద్దాయనకి అదే బెంగ.

మనకి తెలియని విద్యా ఇది! మన క్రికెట్‌లో బ్యాట్స్‌మన్ తొంభైల్లో ఉంటే కూర్చున్నచోటి నుంచి లేవకూడదు. చిన్నప్పుడు మా నాన్న బాత్రూమ్‌కి కూడా పోనిచ్చేవాడు కాదు. ఆ హిట్ పడినప్పుడు నేను ప్రెస్‌కి ఆనుకుని ఉన్నాను కాబట్టి రోజూ అక్కడే, అలాగే. ఈ సంగతి పెద్దాయనకి గొప్పగా చెప్పాను. ఆయన నవ్వలేదు. నోట్‌బుక్‌లో రాసుకున్నాడు! మర్నాటి నుంచి ఆట మొదలవగానే కూర్చున్నావా అని అడిగేవాడు.

బ్యాటర్‌ని ఆటకి ఒక్కసారే, చివర్లో పంపేవారు. అవుటయ్యేవాడు. మొహంలో ఏ చిరాకూ లేకుండా నడుచుకుంటూ వెళ్ళిపోయి, మర్నాడు అప్పుడే ఆట నేర్చుకున్నంత శ్రద్ధగా వచ్చి నిలబడేవాడు. ఏడు రోజులు ఇంతే. కోడ్ ఒక్కసారి నడవకపోతే లాప్‌టాప్ విసిరికొట్టాలనిపించే నేను నోరు తెరుచుకుని చూసేవాణ్ణి.

ఎనిమిదో రోజు అక్క వచ్చింది. పప్పు డబ్బా నా వీపు వెనకున్న ప్రెస్‌లో ఉంది. “నీ జపానాయన కొట్టేదాకా ఈ ఇంట్లో పప్పు ఉడకదేంట్రా? బావ డ్యూటీ నుంచొచ్చి ఏం తింటారు? లే,” అంది. రెండు నిమిషాలు ఆగమని బతిమాలాను. చెవి పట్టుకుని పక్కకి లాగేసి తలుపు తీసింది.

సరిగ్గా అప్పుడే స్క్రీన్ మీంచి టక్కుమని శబ్దం. బంతి ఇద్దరు ఫీల్డర్ల మధ్య గడ్డిలో పడింది. బ్యాటర్ పరిగెత్తాడు, నలభై ఏళ్ళ మోకాళ్ళతో, చూస్తున్న నాకే ఆయాసం వచ్చేలా పరిగెత్తాడు. రెండు వేలు! కరోనా వల్ల జనం అరవకూడదని అక్కడ నిబంధన. అందుకని అందరూ లేచి చప్పట్లు కొట్టారు, అలా కొడుతూనే ఉన్నారు. ఎదుటి జట్టు కుర్రాడొకడు పూలగుచ్ఛం తెచ్చిచ్చాడు. ఆయన హెల్మెట్ తీసి నాలుగు వైపులా వంగి నమస్కరించాడు. అక్క పప్పు డబ్బా పొట్టకి ఆనించుకుని, “ఎవర్రా ఆయన?” అంది మెల్లగా. పక్కకి జరిగి చోటిచ్చాను. స్క్రీన్ మీద పెద్దాయన రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

హిట్ పడేసరికి నేను కూర్చున్నచోట లేనని కాసేపటికి పెద్దాయనకి నిజం చెప్పేశాను. పర్వాలేదన్నాడు. రేపు ఆఖరి ఆట, వస్తావు కదా అనడిగాడు.

“రెండు వేలు అయిపోయాయి కదండీ, ఇంకేముంది చూడ్డానికి?” అన్నాను.

“ఆయన వస్తాడు,” అన్నాడు పెద్దాయన.

వచ్చాడు. అదే శ్రద్ధగా నిలబడ్డాడు, అవుటయ్యాడు, అలాగే నడుచుకుంటూ వెళ్ళాడు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఇంకేముంది అనడిగిన ఆ ఇరవై మూడేళ్ళ కుర్రాణ్ణి తలుచుకుంటే మాత్రం జాలీ, నవ్వూ కలిసి వస్తాయి.