పోయిండు అన్న మాట

మా తెనాలి వైపు మనిషి బజారుకి వెళ్తాడు, ఊరు వెళ్తాడు. పోవడమంటే మాత్రం ఒక్కటే, చావడం. చిన్నప్పుడు "నాన్న పోయాడు" అని నోరు జారినందుకు మా అమ్మ మూతి మీద ఒక్కటిచ్చింది. "వెళ్ళాడు అనవే, పాడు నోరు" అంది. తెలంగాణలో పోవడమంటే ఉత్త వెళ్ళడమేనని నాకు తెలియక కాదు. సినిమాలు చూసే ప్రతివాళ్ళకీ తెలుసు. తెలిసీ తప్పు రాశాను, అదే నా ఏడుపు.

సింగపూర్‌లో నేను చేసే పరిశోధన గురించి చెబితే ఇక్కడి మనవాళ్ళు మొహం అదోలా పెడతారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫ్రాన్సులో థియేటర్లు వదిలి వీధుల్లోకొచ్చిన కళాకారులు, వాళ్ళతో కలిసి తిరిగిన విప్లవ విద్యార్థులు, వాళ్ళ మధ్య గొడవలు. "దీనికి ఉద్యోగం వస్తుందామ్మా?" అని ఒక స్నేహితురాలి ఇంట్లో భోజనాల దగ్గర ఓ అంకుల్ అడిగారు. నేను జవాబు చెప్పేలోపే, పక్క కుర్చీలోని ముసలావిడ నా మోకాలి మీద చెయ్యి వేసి, "అట్ల పారిస్ల రోడ్డు మీద పండుకున్నోళ్లల్ల నేనొకదాన్ని, బేటీ" అంది.

ఆవిడ వరంగల్‌లో పెరిగిన హైదరాబాదీ ముస్లిం. ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు. ఫ్రెంచి టీచరు అవుదామని అరవైల చివర్లో స్కాలర్‌షిప్ మీద పారిస్ వెళ్ళింది. ఇప్పుడు ఎనభై దాటి, సింగపూర్‌లోనే యీషున్ అనే పేటలో కూతురి ఫ్లాట్‌లో ఉంటోంది. ఇది విన్నాక నా కాళ్ళు నేల మీద ఆనలేదు. ప్రతి శనివారం మా యూ టీ స్టేషన్‌లో రైలెక్కి వెళ్ళి ఆవిడ మాటలు ఫోన్‌లో రికార్డు చేసుకునేదాన్ని. బయల్దేరేటప్పుడు "వెళ్ళొస్తాను ఆంటీ" అంటే, "పోయి రా బేటీ" అనేది. మొదట్లో ఆ మాటకి లోపల ఉలిక్కిపడేదాన్ని. తర్వాత అలవాటైంది, ఇష్టం కూడా అయింది.

"నువ్వు పర్ఫార్మెన్స్ అంటున్నవ్. మేం తమాషా అనుకుంటిమి" అని నన్ను ఆటపట్టించేది. వాళ్ళ తమాషాలు మామూలువి కావు. నోటికి గుడ్డలు కట్టుకుని ఫుట్‌పాత్ మీద శవాల్లా పడుకునేవాళ్ళు. పెద్ద థియేటర్ ముందు నిలబడి, టిక్కెట్ల కోసం వచ్చినవాళ్ళకి కార్ల ఫ్యాక్టరీ షిఫ్టుల పట్టికని పద్యంలా చదివి వినిపించేవాళ్ళు. ఆ చదివేవాడు ఒక ఫ్రెంచి యువకుడు. ఆవిడ ఎప్పుడూ అతని పేరు చెప్పలేదు. "ఆయన" అనేది, అంతే. పాతకాలం ఆడవాళ్ళు మొగుణ్ణి అన్నట్టు. పెళ్ళి మాత్రం కాలేదు.

ఓ రోజు ఆవిడ చీరలన్నీ ఒకదానికొకటి ముడివేసి, వీధికి అడ్డంగా కట్టి కార్లు ఆపేశారు. వియత్నాంలో యుద్ధం ఆపలేనివాళ్ళం కనీసం కార్లన్నా ఆపుదామని ఆయన ఆలోచన. పోలీసులొచ్చి కత్తెరతో కత్తిరించారు. వాళ్ళమ్మ ఇచ్చిన ఊదారంగు చీర రెండు ముక్కలయ్యేసరికి ఈవిడ నడిరోడ్డు మీద కూలబడి ఏడ్చింది. చుట్టూ చేరినవాళ్ళు అదీ ఆటలో భాగమేననుకుని చప్పట్లు కొట్టారట.

"గప్పుడే ఆయన మనసు ఇరిగింది" అంది ఆవిడ. "మనం నిజంగ ఏడ్సినా వీళ్లకు తమాషానే అన్నడు. ఇగ ఈ ఆటలు వద్దు, కార్మికులల్ల ఒకడినైత అన్నడు. ఆ ఎండాకాలమే పోయిండు. పొద్దుగాల ఫ్యాక్టరీకని లేసి పోయిండు. మళ్ల రాలే."

అని కళ్ళు తుడుచుకుంది. నేను రికార్డింగ్ ఆపేశాను. ఎలా పోయారని అడగలేదు. పెద్దావిడని ఇంకా ఏడిపించడం ఎందుకనుకున్నాను. ఆ మర్యాదే కొంప ముంచింది. ఆ వేసవిలోనే అతను ఫ్యాక్టరీలో మరణించాడని థీసిస్‌లో ఇంగ్లీషులో రాశాను. అధ్యాయానికి మంచి ముగింపు దొరికిందని సంబరపడ్డాను కూడా, సిగ్గు లేకుండా.

ఆ అధ్యాయాన్ని ప్రింటు తీసి, అట్ట వేయించి, ఒక శనివారం ఆవిడ చేతికిచ్చి వచ్చాను. మూడు రోజుల తర్వాత కూతురు ఫోన్ చేసింది.

"నువ్విచ్చింది అమ్మీకి చదివి చెప్పిన. అప్పటి నుంచి సరిగ్గ తింటలేదు. పోయినేడు నువ్వు పారిస్ లైబ్రరీలకు తిరిగినవ్ కదా, అక్కడేమన్న కాగితం దొరికిందా? ఆయన ఎట్ల చనిపోయిండో అడుగుతుంది."

నాకు అర్థం కాలేదు. "మీ అమ్మగారే చెప్పారు కదండీ."

"ఏమని?"

"పోయారని."

ఆమె చాలా నెమ్మదిగా, "పోయిండంటే వెళ్ళిపోయిండని. లెఫ్ట్, లా. జస్ట్ లెఫ్ట్" అంది, సింగపూర్ ఇంగ్లీషులో.

ఆ మనిషి ఫ్యాక్టరీలో చేరడానికి వెళ్ళాడు. ఆ రోజుల్లో చదువు మానేసి కార్మికుల్లో కలవడానికి వెళ్ళినవాళ్ళ గురించి నేనే ఇరవై పేజీలు రాశాను. ఇరవై పేజీలు రాసినదాన్ని, ఆవిడ నోట ఆ మాట వచ్చేసరికి మా అమ్మ చేతి దెబ్బే గుర్తుకు తెచ్చుకున్నాను. ఇంత చదువూ చదివి నేను చేసిన నిర్వాకం ఇది.

అప్పటికప్పుడు యీషున్ వెళ్ళాను. దారంతా క్షమాపణ కూడబలుక్కున్నాను. ఆవిడ కిటికీ పక్కన తస్బీ జపమాల పట్టుకుని కూర్చుని ఉంది. "వచ్చినవా బేటీ, చెప్పు. మెషిన్ల పడ్డడా?" అంది.

నేను నేల మీద కూర్చుని జరిగింది చెప్పాను. మా ఊళ్ళో ఆ మాటకి ఉన్న అర్థం చెప్పాను. ఎక్కడా ఏ కాగితమూ చూడలేదని, ఆవిడ మాటనే తప్పుగా విన్నానని చెప్పాను. ఆవిడ అంతా విని, నా మొహంలోకి చూసింది.

"ఐతే బతికే ఉన్నడా?"

అంతకంటే ఆవిడ నన్ను తిట్టినా బాగుండేది. "నాకు తెలియదు ఆంటీ" అన్నాను.

"నాగ్గూడ తెల్వదు" అంది. "ఇన్నేండ్లు తెల్వకనే మంచిగుంటి. షాదీ చేసుకున్న, పిల్లను కన్న, మా ఆయన్ని మట్టి చేసిన. పారిస్ల ఆయన మాత్రం పోయిండు, అంతే. పోయినోడు యాడనో ఒకచోట ఉంటడు కదా. చాయ్ తాగుతుంటడు, ఎవరితోనో కొట్లాడుతుంటడు అనుకునేదాన్ని. మొన్న ఆయన పేరు మీద, సచ్చినోళ్లకు సదివే ఫాతెహా సదివించిన. దేవుడే లేడనే మనిషికి." కొంచెం నవ్వింది. "సదివిన ఫాతెహా ఎట్ల వాపస్ తీసుకుంట, చెప్పు."

నేను వెతుకుతానన్నాను. పారిస్‌కి ఉత్తరాలు రాస్తానన్నాను, అతని పేరు చెప్పమని బతిమాలాను.

"వద్దు. వెతికితే ఏదో ఒకటి దొరుకుతది."

కూతురు కిచిడీ తెచ్చి పెడితే నా కోసమని రెండు ముద్దలు తింది. థీసిస్‌లో మరణించాడు అన్నది తీసేసి వెళ్ళిపోయాడు అని మారుస్తానని మాటిచ్చాను. "మార్చు" అంది, నన్ను సముదాయిస్తున్నట్టు. ఒక్క మాట మారిస్తే థీసిస్ సరైపోతుంది. ఆవిడ దగ్గర నేనేం మార్చగలను? బతికున్న మనిషిని ఆవిడ లోపలే చంపి, పోనీలే, చావలేదేమో అని చెప్పి లేచి వస్తున్నాను.

గుమ్మం దాకా వచ్చింది. "వెళ్ళొస్తాను ఆంటీ" అన్నాను.

ఎప్పటిలాగే "పో..." అని నోరు తెరిచి ఆగింది. తలుపు పట్టుకుని, కొత్త భాషలో మాట కూడబలుక్కుంటున్నట్టు, "వెళ్ళి... వెళ్ళి రా, బేటీ" అంది.