భీమిలిలో మా అక్క చూడనివి

పోయినవి ఆరు. లైట్‌హౌస్ ఒకటి. డచ్చి వర్తకుల పాత సమాధులు రెండు. కొండమీది నరసింహస్వామి గుడి మూడు. ఆ పైన బౌద్ధుల కాలంనాటి ఇటుక పునాదులు నాలుగు. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు ఐదు. ఎర్రమట్టి దిబ్బలు ఆరు. గంటస్తంభాన్ని మాత్రం మా అక్క ఆటోలోంచి చూసింది. అదైనా మా మేనమామ ఇంటికి ఆ దారినే వెళ్ళాలి కాబట్టి.

మా తాత భీమిలి పక్క పల్లె నుంచి రైల్వే పనికి బిలాస్‌పూర్ వచ్చాడు. అక్కా నేనూ ఇక్కడి క్వార్టర్‌లోనే పుట్టాం. చిన్నప్పుడు మా నాయనమ్మ భీమిలిలో ఏవేవి ఎక్కడున్నాయో చేత్తో గాలిలో గీసి చూపించేది. పాస్ మీద ఊరు వెళ్ళేవాళ్ళమే గాని, అన్నీ పెళ్ళిళ్ళకూ దినాలకూ. ఎవరూ మమ్మల్ని ఏదీ చూడటానికి తీసుకెళ్ళలేదు.

అక్కకు నీటికాసులు. ఎడమ కన్ను ముందే పోయింది. కుడి కంటి చూపు చుట్టూతా మూసుకుపోతూ గొట్టంలోంచి చూసినట్టు అయింది. డాక్టరు దాచలేదు. చూడాలనుకున్నవి ఉంటే ఈ చలికాలంలోనే చూసుకోమన్నాడు. అక్క అడిగింది ఒక్కటే: "భీమిలి తీసుకెళ్తావేట్రా?"

నేను పదో తరగతి దాటలేదు. సదర్ బజార్ బట్టల కొట్లలో కూర్చుని నా అంతట నేనే లెక్కలు నేర్చుకున్నాను. ఈ ప్రయాణాన్ని కూడా అలాగే లెక్క కట్టాను. మధ్యాహ్నపు ఎండలో అక్కకు అంతా తెల్లగా అలుక్కుపోతుంది. మసక చీకట్లో అసలేమీ కనిపించదు. రోజుకు పనికొచ్చేవి రెండు ముక్కలే, పొద్దున ఒకటి, పొద్దు వాలకముందు ఒకటి. మాకున్నది రెండు రోజులు. మొదటి పొద్దున కొండ, గుడి, ఇటుకలు. సాయంత్రం దిబ్బలు, ఏటవాలు ఎండలో ఆ ఎరుపు బాగా తేలుతుందట. రెండో రోజుకు మిగతావి. ఒడ్డునే లాడ్జిలో గది తీశాను. చుట్టాలెవరికీ చెప్పొద్దని, మాతో వస్తున్న బావకు రెండుసార్లు చెప్పాను.

బావ రిటైరైన రైల్వే గార్డు. రైల్వే కుటుంబాల్లో ఒక అలవాటుంది. మనవాళ్ళు రైల్లో వస్తున్నారంటే దారిలో ఉన్న చుట్టం అన్నం కేరియర్ పట్టుకుని ప్లాట్‌ఫాం మీదకు రావాలి. పార్వతీపురంలో కిటికీ దగ్గర మా పిన్ని ప్రత్యక్షమైంది, పులిహోరతో.

"బోగీ నంబరు నువ్వు చెప్పావా బావా?"

"చెప్పకపోతే కేరియర్ ఎలా వస్తాది? నువ్వు రైలు కూడు తింటావేటి?"

పిన్ని అక్క చెయ్యి పట్టుకుని, "ఏటమ్మా ఇలా సిక్కిపోనావు? మీ మావయ్యకి ఫోన్ సేసీసేను. అందరూ టేసన్‌కి వచ్చేత్తన్నారు," అంది.

నాకు అక్కడే దిగిపోవాలనిపించింది. రైలు దిగగానే స్టేషన్లో మేనమామ మా సంచులు లాక్కుని తన ఆటోలో పెట్టించాడు. లాడ్జి గది తాళం మేము తీయనే లేదు.

మొదటి పొద్దున కొండకు బయలుదేరబోతే మేనమామ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"టిపిన్ సేసి ఎల్దురు గాని. కొండ ఎక్కడికి పోతాది?"

"కొండ పోదు మావయ్యా. కన్ను పోతోంది."

"తిండి ముందర ఏట్రా ఆ అపశకునపు మాటలు?"

టిఫిన్ తర్వాత పక్కింటివాళ్ళు, వాళ్ళ తర్వాత వీధి చివరి పెదనాన్నగారి కోడలు. మా గుమ్మం తొక్కకుండా పోతారేటి అని ఒకరు, జాకెట్ ముక్క పెట్టకుండా ఆడపిల్లని పంపితే పరువుంటాదేటి అని ఇంకొకరు. ఎండ ముదిరింది. సాయంత్రం నాలుగింటికి ఎవరింట్లోనో చేగోడీల పళ్ళెం ముందు కూర్చున్నాం. అక్క నా వైపు వంగి, "ఈళ్ళ గోడ మీద క్యాలెండర్‌లో సముద్రం ఉందిరా. అచ్ఛా, అదీ లెక్కలో ఏసుకో," అంది. నాకు నవ్వు రాలేదు.

రెండో రోజూ అంతే. నేను ఆటో పిలిచాను. మేనమామ దాన్ని పంపేశాడు. బావ మూడో కాఫీ తాగుతూ, "అరే, ఇంతమంది మనకున్నారని సంతోషపడు," అన్నాడు. నా చేతిలో గ్లాసు ఉంది. దాన్ని కింద పెట్టడానికి చాలా జాగ్రత్తపడాల్సి వచ్చింది. వాళ్ళు దుర్మార్గులు కారు. దుర్మార్గులైతే తోసుకుని పోయేవాణ్ణి. నెయ్యి వేసి, కొసరి కొసరి వడ్డించి, ప్రేమగా అక్క వెలుతురంతా తినేశారు.

పొద్దుపోయాక మేనమామే మమ్మల్ని ఒడ్డుకు తీసుకెళ్ళాడు. చీకటి పడిపోయింది. "అదుగో లైట్‌హౌస్, ఎలుగుతుంది సూడమ్మా," అని చెయ్యి చాపాడు. అక్క మొహం ఇంకో వైపు ఉంది. అటే చూస్తూ, "బాగుంది మావయ్యా," అంది. ఆయన తృప్తిగా తలూపాడు. నేను ఆమె గడ్డం పట్టి తిప్పలేదు. తిప్పినా ఆ చీకట్లో ఆమె కంటికి ఆ దీపం దొరికేది కాదు.

హోళీ నాటికి కుడి కన్ను, వెలుతురును బట్టి కిటికీ ఎక్కడుందో మాత్రమే చెప్పగలిగేది. పోయిన వారం ఇక్కడే సర్కండాలో అక్క వాళ్ళింట్లో ఉండగా పిన్ని ఫోన్ చేసింది. బావ స్పీకర్ పెట్టాడు.

"అందరిళ్ళకీ ఎల్లీసినారు, మా ఇంటికి రానేదు. ఒక పూట బాకీ పడిపోనారు."

"ఈసారి తప్పకుండా వస్తాం అత్తయ్యా," అన్నాడు బావ.

నేను ఫోన్ లాక్కున్నాను. "ఒక పూట కాదు పిన్నీ. బాకీ మాది కాదు, మీది. ఆరు."

"ఆరేట్రా?"

చెప్పాను, లైట్‌హౌస్ నుంచి దిబ్బల దాకా, ఒక్కొక్కటీ.  పిన్ని మెల్లగా, "పోనీ, మళ్ళీ రండి, మేమే దగ్గరుండి సూపిత్తాం," అంది.

అక్క మంచం మీంచి, "ఎవరికి సూపిత్తారంట?" అని అడిగింది.

నేను ఫోన్ పెట్టేశాను. కొండ గుడికి వెళ్తే దండం పెట్టుకోవచ్చు, నది కలిసేచోట నీళ్ళు కాళ్ళకు తగులుతాయి, ఆ రెండూ సగం సగం తీరినట్టేనని బావ బేరమాడుతున్నాడు. నేను ఒప్పుకోవడం లేదు. ఆమె అడిగింది చూడటానికి. ఈ రోజుకు బాకీ ఆరు.