బెజవాడ పోని జట్టు

మొన్న పొద్దున చాయ్ తాగుతూ టీవీ ముందు కూర్చుంటే, ఎక్కడో ఒక హాకీ జట్టును దాని యజమానులు వేరే నగరానికి తరలించే ఆలోచనలో ఉన్నారని వార్త వచ్చింది. ఆట చూడడానికి జనం రావడం లేదట, నష్టం భరించలేకపోతున్నారట, అయినా సంగతి ఇంకా తేలలేదట. జగిత్యాలలో మా పెద్దబిడ్డ ఇంట్లో ఉంటున్నాను నేను. ఆ ఇంట్లో ఆ వార్తను చెవిన పెట్టినదాన్ని నేనొక్కదాన్నే. మనవరాలు ఛానెల్ మార్చేసింది. సంగతి తేలలేదన్న ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను నేను. ఆ ఆటగాళ్ల ఇళ్లలో ఈ పొద్దు ఏం మాట్లాడుకుంటూ ఉంటారో, సామాను కట్టాలా వద్దా అని వాళ్ల ఆడవాళ్లు ఎన్నిసార్లు ట్రంకుపెట్టె తెరిచి మూస్తున్నారో నాకు తెలుసు కాబట్టి.

నా ఈడువాళ్లకు, అందులోనూ కోరుట్ల, మెట్‌పల్లి దిక్కువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు కోరుట్లలో జీతం మీద హాకీ ఆడే జట్టు ఉండేది. బీడీల కార్ఖానా నడిపే సేటు దాన్ని పెట్టాడు. ఆయనకు నిజాం జమానాలో హైదరాబాదులో చదువుకున్నప్పటి నుంచి హాకీ అంటే ప్రాణం. ఆటగాళ్లందరికీ కార్ఖానాలోనే కొలువులిచ్చాడు. మధ్యాహ్నం దాకా తునికాకు తూకాలు, బీడీల తనిఖీలు, ఆ తర్వాత ఆట. నిజామాబాదు నుంచి, కరీంనగరం నుంచి, కాజీపేట రైల్వేవాళ్ల నుంచి జట్లు వచ్చేవి. ఆదివారం ఆట ఉందంటే కిరాణా దుకాణాలవాళ్లు సగం తలుపులు వేసేవారు, బీడీలు చేసే ఆడవాళ్లు చాటలతో సహా వచ్చి మైదానం గోడ నీడన కూర్చుని, ఒక కన్ను ఆకు మీద, ఒక కన్ను బంతి మీద పెట్టేవారు.

మా ఆయన ఆ జట్టులో లెఫ్ట్ అవుట్ ఆడేవాడు. మా నాయన సిరిసిల్లలో మగ్గం నేసేవాడు. సంబంధం కుదిరినప్పుడు మా మేనత్త, కట్టె పట్టుకుని ఉరికేవాడికి పిల్లనిస్తావా అని నాయన మీద చాలా కోపం చేసింది. నాయన మాట వెనక్కి తీసుకోలేదు. పెళ్లయ్యాక చాలా రోజులకు నాకు చెప్పాడు, జగిత్యాల ఖిల్లా దగ్గర ఒక పోటీలో మా ఆయనను చూశాడట. అవతలి జట్టువాడు కావాలని కాలు అడ్డం పెట్టి తనూ కింద పడితే, మా ఆయన లేచి ముందు వాడికి చెయ్యి అందించాడట. అట్లాంటివాడు ఆడపిల్లను ఏడిపించడని నాయన లెక్క. ఆ లెక్క తప్పలేదు.

కోరుట్లలో మేమున్న ఇంటి పక్క గోడే కప్తాన్ భాయిది. జట్టుకు కప్తాన్ ఆయనే, సెంటర్ ఫార్వర్డ్ ఆయనే. మా ఆయనను తమ్మీ అని పిలిచేవాడు, ఆ పిలుపులో నిజంగానే తోడబుట్టిన మమకారం ఉండేది. ఆయన భార్యను నేను ఆపా అనేదాన్ని. కొత్త కాపురంలో నాకు పొయ్యి రాజేయడం దగ్గర నుంచి ఉర్దూలో నాలుగు ముక్కలు మాట్లాడడం దాకా నేర్పింది ఆపానే. ఆమె ఇంట్లో కూర్చుని బీడీలు చుడుతూనే, మైదానం దిక్కు నుంచి వచ్చే కేకను బట్టి గోలు కొట్టింది మా వాడా మీ వాడా అని చెప్పేది. భాయీ మా ఆయనా ఒకరికొకరు బంతి అందించుకునే తీరు చూస్తే, ఒకే మనిషి రెండుచోట్ల ఉరుకుతున్నాడేమో అనిపించేదని ఊళ్లో అనేవారు.

అరవై తొమ్మిది వచ్చింది. ఆ ఏడాది ప్రత్యేక తెలంగాణ కోసం మన దిక్కు ఎట్లా మండిందో మీకు వేరే చెప్పనక్కరలేదు. బడులు మూతబడ్డాయి, పిల్లలు రోడ్ల మీదికి వచ్చారు, బస్సు ఒక పూట ఉంటే ఒక పూట లేదు. మా జట్టువాళ్లు కూడా ఊరేగింపుల్లో నడిచారు, ఎవరు నడవలేదు కనుక. మొదట్లో హాకీ కట్టెలు పట్టుకునే నడిచారు. ఆ తర్వాత పోలీసుల కంటికి హాకీ కట్టె ఆయుధంలా కనిపించడం మొదలైంది. మైదానానికి పోతుంటే ఆపి లాక్కునేవారు. అప్పుడు నేనూ ఆపా గోనెసంచులు చింపి కట్టెలకు గలీబులు కుట్టాం; వాటిని బియ్యం మూటల నడుమ సైకిళ్ల మీద పెట్టుకుని, దొంగసొత్తు మోసినట్టు మోసుకుపోయి ఆడుకునేవారు. అది తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవదు.

ఎందుకంటే పై ఊరి జట్లు రావడం మానేశాయి. బస్సు దొరకని ఊరికి ఎవరొస్తారు, వచ్చినా హర్తాళ్ నడుమ ఎక్కడ ఉంటారు. కార్ఖానా సరుకు గోదాముల్లో పేరుకుపోయింది. ఆదివారాలు మా వాళ్లు రెండు భాగాలై వాళ్లలో వాళ్లే ఆడుకునేవారు, చూసేవాళ్లు లేని మైదానంలో బంతి కట్టెకు తగిలిన చప్పుడు మా ఇంటి దాకా వినిపించేది. అంతకుముందు జనం గోలలో ఆ చప్పుడు నేనెన్నడూ వినలేదు.

అట్లాంటి ఒక సాయంత్రం సేటు ఆటగాళ్లను ఇంటివాళ్లతో సహా కార్ఖానాకు రమ్మన్నాడు. ఆకు బస్తాల మీద మమ్మల్ని కూర్చోబెట్టి, తాను నిలబడే మాట్లాడాడు. బెజవాడలో ఆయన వ్యాపారంలో పొత్తుదారు ఒకాయన ఉన్నాడు. అతను జట్టును తీసుకుంటానన్నాడట, అందరికీ కొలువులు, ఉండడానికి ఇండ్లు ఇస్తానన్నాడట, అక్కడ పోటీలు ఏడాది పొడుగునా ఉంటాయట.

"నాకు మాత్రం పంపబుద్ధి అయితదా? గీడ ఉంటే టీము సచ్చిపోతది. ఆడికి పోతే బతుకుతది. మీరే ఆలోచన చెయ్యుండ్రి" అన్నాడు సేటు. తర్వాత తర్వాత ఊరు ఆయనను చాలా మాటలన్నది గానీ, ఆ సాయంత్రం అక్కడ ఉన్నవాళ్లెవరూ ఆయనను తిట్టలేరు.

బెజవాడ అన్న మాటే ఆ రోజుల్లో నిప్పు. ఇక్కడ ఆంధ్ర పెత్తనం వద్దని ఊరూవాడా కదిలితే, ఉన్న ఒక్క జట్టును తీసుకుపోయి వాళ్ల చేతిలో పెట్టడమా అని మంగలి దుకాణం నుంచి మసీదు అరుగు దాకా అదే ముచ్చట. జట్టు పోతుందని పొద్దున ఒకరు, పోదని సాయంత్రం ఇంకొకరు చెప్పేవారు. ఆపా ఒకరోజు ట్రంకుపెట్టెలో బట్టలు సర్దేది, మర్నాడు తీసి దండెం మీద వేసేది. నేనూ అంతే. కృష్ణానది పెద్దగా ఉంటుందట, నీళ్ల నల్లా ఇంట్లోనే ఉంటుందట అని గోడకు ఇటు నేను, అటు ఆమె నిలబడి ఆశపడేవాళ్లం, ఆ వెంటనే సిరిసిల్లలో మా అమ్మ ముఖం గుర్తొచ్చి నేను నోరు మూసుకునేదాన్ని.

మగవాళ్లిద్దరి మధ్య మాత్రం మొదటిసారి ఎడం వచ్చింది. భాయి పోదామన్నాడు. ఆయన వయసు అప్పటికే ముప్పై దాటింది, మోకాలు పొద్దున లేవగానే పట్టేసేది.

"అరే తమ్మీ, గీ మోకాలు ఎన్నొద్దులు ఆగుతది? రెండేండ్లు ఆడుతనేమో. గా రెండేండ్లు ఏడనన్న ఆడుత. ఆడకుంట గీడ కూసుంటే ఏమొస్తది?"

మా ఆయన వాదించేవాడు కాదు, నమ్మేవాడు. ఆ నమ్మకం ఆయన ఒక్కడిదే కాదు, వచ్చే దసరాకు మన రాష్ట్రం మనకు వస్తుందని ఆ రోజుల్లో అందరమూ నమ్మాం. "తెలంగాణ అస్తది భాయ్. అచ్చినంక మన టీమే రాజ్యం టీమైతది. గప్పుడు మనం బెజవాడల ఉంటే ఎట్ల?" అన్నాడు. ఆ రాత్రి గోడ అవతల ఎప్పుడూ వినిపించే రేడియో మోగలేదు.

చివరికి కొందరు పోతామన్నారు, కొందరు పోమన్నారు. పోయేవాళ్ల కోసం లారీ వచ్చిన రోజు పొద్దున కార్ఖానా గేటు ముందు ఊరంతా కూర్చుంది. కాలేజీ పిల్లలున్నారు, దర్జీలున్నారు, చాటలు పక్కన పెట్టుకుని బీడీల ఆడవాళ్లున్నారు. వాళ్లలో పెద్దామె ఒకతె లారీ ముందు చక్రానికి ఆనుకుని కూర్చుని సేటుతో అన్న మాట నేను చచ్చేదాకా మరువను. "మా బీడీలు ఏడికన్న పంపు సేటూ. మా పోరగాండ్లను పంపకు."

భాయి లారీలో ముందు సీటులో కూర్చుని ఉన్నాడు, ఆపా పిల్లలతో వెనక సామాను మీద ఉంది. గుంపులో ఎవరో కుర్రవాడు, అమ్ముడువోతున్నవా అని అరిచాడు. భాయి ముఖం ఒక్కసారిగా నల్లబడింది. చుట్టూ ఉన్నవాళ్లే ఆ కుర్రవాణ్ని కసిరి కూర్చోబెట్టారు, కానీ మాట పడనే పడింది. అప్పుడు మా ఆయన గుంపులో నుంచి లేచి లారీ తలుపు దగ్గరకు పోయాడు. అరవలేదు, బతిమాలలేదు. తలుపు మీద చెయ్యి వేసి, "భాయ్, దిగు" అన్నాడు, అంతే. భాయి దిగాడు, ఆయన వెనకే మిగతావాళ్లూ దిగారు. జనం భాయినీ మా ఆయననూ భుజాల మీదికి ఎత్తుకున్నారు. వీధి వీధినా గులాలు చల్లుకున్నారు. ఊరు ఒక పోటీ గెలిచినంత సంబరం చేసుకుంది. ఆపా సామాను దింపుకుని ఇంటికి పోయి, ఆ పూట పొయ్యి ముట్టించలేదు. నేనే జొన్నరొట్టెలు చేసి గోడ మీద నుంచి అందించాను.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం మా వాళ్లు కొత్త అంగీలు తొడుక్కుని మైదానానికి పోయారు. లారీ ఆపినవాళ్లలో పిడికెడు మంది కూడా రాలేదు. రాకపోవడం వాళ్ల తప్పని అనలేను. ఒకరి కొడుకు జైల్లో ఉన్నాడు, ఒకరు సభకు పోయారు, ఇంకొకరి ఇంట్లో ఆ పూట తిండికే కష్టంగా ఉంది. కానీ లారీని ఆపడానికి ఒక్క పొద్దు చాలు, జట్టును నిలబెట్టడానికి ఏడాదిలో ఆదివారాలన్నీ కావాలి. ఆ సంగతి మాకెవరికీ అప్పుడు తోచలేదు.

దసరా వచ్చింది, పోయింది. రాష్ట్రం రాలేదు. ఉద్యమం ఎట్లా చల్లారిందో, ఎవరెవరు ఎటు మళ్లారో మీకు తెలిసిందే. బెజవాడ ఆయన మళ్లీ అడగలేదు. సేటు ఇంకొన్నాళ్లు ఈదాడు, ఆ తర్వాత ఒకరోజు ఆటగాళ్లందరినీ పిలిచి, ఇక పొద్దంతా కార్ఖానా పనే చేయమని తల వంచుకుని చెప్పాడు. జట్టు పోతున్నప్పుడు ఊరంతా గేటు ముందు కూర్చుంది. జట్టు చచ్చిపోయినప్పుడు ఎవరికీ తెలియనైనా తెలియలేదు.

భాయి కార్ఖానాలో ఎక్కువ రోజులు ఉండలేకపోయాడు. బొంబాయి పోయి, అక్కడి నుంచి దుబాయి చేరాడు; మా దిక్కు నుంచి తొలిసారి అట్లా పోయినవాళ్లలో ఆయన ఒకడు. బంతితో పాదరసంలా కదిలిన మనిషి అక్కడ ఎండలో ఇటుకలు మోశాడు. సెలవు మీద వచ్చినప్పుడల్లా మా ఇంటికి ఖర్జూరాలు తెచ్చేవాడు, పిల్లల చదువులు అడిగేవాడు, ఆ లారీ సంగతి ఎన్నడూ ఎత్తేవాడు కాదు. ఎత్తి రెండు మాటలు తిట్టినా మా ఆయనకు బరువు తగ్గేదేమో. నేను ట్రైనింగు చేసి పంతులమ్మనయ్యాను. మా ఆయన కార్ఖానాలో తనిఖీ పనిలోనే ఉండిపోయాడు. ఎప్పుడైనా మాటల్లో, దిగమన్నది నేనే కదా అని తనలో తాను అనుకున్నట్టు అనేవాడు.

చివరికి తెలంగాణ వచ్చింది. మేము ముసలివాళ్లమయ్యాక వచ్చింది. ఆ రోజు మా ఆయన తెల్ల ధోవతి కట్టుకుని, మిఠాయి డబ్బా పట్టుకుని, నన్ను తీసుకుని భాయి ఇంటికి పోయాడు. భాయి అప్పటికి తిరిగొచ్చి చాలా ఏండ్లయింది, మోకాళ్లు పూర్తిగా పోయి మంచం దిగేవాడు కాదు. వీధిలో డప్పులు మోగుతున్నాయి. ఆపా మిఠాయి తుంచి ఆయన నోట్లో పెట్టింది. ఆయన నమిలి, మా ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుని, "అస్తదన్నవు గద తమ్మీ. అచ్చింది" అన్నాడు. ఎగతాళి లేదు ఆ మాటలో, నిష్ఠూరం లేదు, నిజంగా సంతోషపడే అన్నాడు. మా ఆయన ఆ చేతి మీద నుదురు ఆనించి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు.

ఇవాళ మా దిక్కు ఏ ఇల్లు చూసినా ఎవరో ఒకరు పోయినవాళ్లే. మగ్గాలు పోయాయి, మనుషులు నేత పనికి భీవండి పోయారు, గల్ఫు పోయారు, ఊళ్లకు ఊళ్లు పోవడం నేర్చుకున్నాయి. పోయేవాణ్ని బస్సెక్కించి, చేరినాక ఫోను చెయ్యి అని చెప్పి, వెనక్కి తిరిగి మన పని మనం చూసుకోవడం మనకూ అలవాటైంది. బతకడానికి అదే మంచిదేమో, మా కాలపు మొండితనం ఒక మంచి జట్టును తినేసిందనీ, ఇద్దరు స్నేహితుల నడుమ ఎత్తుకోలేని మాట ఒకటి మిగిల్చిందనీ నాకు తెలుసు. అయినా ఒక ఊరు ఊరంతా రోడ్డు మీద కూర్చుని, మా పిల్లలను మాకు ఉంచండని అడిగిన పొద్దును కళ్లారా చూసినదాన్ని. అట్లా అడిగేవాళ్లు ఇప్పుడు లేరు. అప్పుడు అడగడం తెలిసింది, నిలుపుకోవడం తెలియలేదు. నిలుపుకోవాలంటే ఆదివారాలన్నీ కావాలన్న తెలివి మాకు వచ్చేసరికి, అడిగే గొంతులు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి.